ప్రయారిటీ 99 ఇచ్చినా నాజిల్ లేటుగా కొడుతోంది, ఎందుకు?

ఆటోనగర్_అబ్బాయి
గాజువాక ఆటోనగర్‌లో మాదో చిన్న షెడ్డు. ఆరు నెలలుగా రొయ్యల గ్రేడింగ్ మెషీన్ మీద కూర్చున్నాం. బెల్టు మీద నాలుగు లేన్లలో రొయ్యలు వస్తాయి, పైన కెమెరా సైజు చూస్తుంది, 20 సెంటీమీటర్లు ముందుకెళ్ళాక గాలి నాజిల్ దాన్ని ట్రేలోకి కొడుతుంది. 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు తూగే సైజు) ఒక ట్రే, 40 కౌంట్ ఇంకోటి, మిగతావి చివర్న. బెల్టు స్పీడు సెకనుకు అర మీటరు, అంటే కెమెరా నుంచి నాజిల్‌కి 400 మిల్లీసెకన్ల ప్రయాణం.

లోపల రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, లైనక్స్, ప్రోగ్రాం సీ ప్లస్ ప్లస్. చాలాసేపు బంగారంలా నడుస్తుంది. మూడు నాలుగు నిమిషాలకోసారి మాత్రం నాజిల్ 40 మిల్లీసెకన్లు లేటుగా కొడుతుంది. 40 అంటే ఎంతలే అనుకోకండి, బెల్టు మీద అది 2 సెంటీమీటర్లు. గాలి తోకకి తగిలి రొయ్య గిరగిరా తిరిగి పక్క ట్రేలో పడుతోంది. మొన్న డెమోకి వచ్చిన ఎక్స్‌పోర్టర్ కళ్ళ ముందే 30 కౌంట్ ట్రేలో ఓ చిన్న రొయ్య పడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి నావైపు చూసిన చూపు ఇంకా కళ్ళల్లోనే ఉంది.

నాజిల్ థ్రెడ్‌కి (ప్రోగ్రాంలో నాజిల్ కొట్టే ముక్కకి) షెడ్-ఫిఫో అనే రియల్ టైమ్ పాలసీ, ప్రయారిటీ 99 ఇచ్చాను. దానికి పైన ఇంకేం లేదు కదా. సగటు ఆలస్యం 0.2 మిల్లీసెకన్లే. మరి ఈ 40 ఎక్కణ్ణుంచి వస్తోంది? పై 5 కొంటే పోతుందా?

జగదాంబ_జంక్షన్
తప్పు ట్రేలో పడ్డవి ఏం చేస్తున్నారు? ఊరికే అడిగాను.

కంచరపాలెం_కోడర్
పై 5 కొను. పని అయిపోతుంది. ప్రాసెసర్ స్పీడు తక్కువైతేనే ఈ గోలంతా.

కొత్తరోడ్డు_కెర్నెల్
కోడర్ గారూ, స్పీడుకీ దీనికీ సంబంధం లేదు. 0.2 సగటు వస్తోందంటే ఉన్న స్పీడు చాలు. అతనికి కావాల్సింది సగటు తగ్గడం కాదు, ఎంత చెడ్డరోజైనా ఇంతకు మించి లేటవ్వదు అనే హద్దు.

పెళ్ళిలో చూడండి. జీలకర్ర బెల్లం ముహూర్తానికి పడాలి. "మా హాల్లో జరిగిన వంద పెళ్ళిళ్ళకి సగటున ముహూర్తానికే పడింది" అని ఎవరైనా అంటే మీ అమ్మాయి పెళ్ళికి ఆ హాలు తీసుకుంటారా? సగం పెళ్ళిళ్ళకి గంట ముందు, సగానికి గంట తర్వాత పడినా సగటు సున్నాయే. భోజనాలు అరగంట లేటైతే జనం గొణుక్కుంటారు, తింటారు, వెళ్తారు. మొదటిది హార్డ్ రియల్ టైమ్, రెండోది సాఫ్ట్. నాజిల్‌ది ముహూర్తం కేసు. వీడియో చూడ్డం భోజనాల కేసు.

అబ్బాయ్, ముందు ఒకటి చెప్పు. ఆ 99 నిజంగా పడిందని చూశావా, కోడ్‌లో రాశావు కాబట్టి పడిందనుకుంటున్నావా?

మద్దిలపాలెం_మావ
మా పెళ్ళికి పంతులుగారే ముప్పావుగంట లేటు. హార్డ్ రియల్ టైమ్ అంట.

ఆటోనగర్_అబ్బాయి
రాశాను సార్. థ్రెడ్లు పుట్టించే పీథ్రెడ్ లైబ్రరీ ఆట్రిబ్యూట్‌లో పాలసీ, ప్రయారిటీ రెండూ సెట్ చేశాను. ఎర్రర్ ఏం రాలేదు.

కొత్తరోడ్డు_కెర్నెల్
ఎర్రర్ రాకపోవడమే అనుమానం. పీఎస్ కమాండ్‌తో థ్రెడ్లు విడివిడిగా వచ్చేలా క్లాసు, ఆర్‌టీ (రియల్ టైమ్) ప్రయారిటీ కాలమ్‌లు తెప్పించు. నాజిల్ థ్రెడ్ ఎదురుగా ఎఫ్ఎఫ్ అని రావాలి. టీఎస్ అని వస్తే అది మామూలు థ్రెడ్డే.

ఆటోనగర్_అబ్బాయి
టీఎస్ అని ఉంది 😐 మొత్తం అన్నీ టీఎస్సే.

కొత్తరోడ్డు_కెర్నెల్
అనుకున్నా. పీథ్రెడ్ డీఫాల్ట్ ఏమిటంటే కొత్త థ్రెడ్డు తనను పుట్టించిన థ్రెడ్డు పాలసీనే తీసుకుంటుంది, నువ్వు ఆట్రిబ్యూట్‌లో రాసింది చదవదు. ఎక్స్‌ప్లిసిట్ షెడ్ అని విడిగా చెప్తేనే నీ 99 చూస్తుంది. అది పెట్టాక హక్కులు లేకపోతే అప్పుడు ఎర్రర్ ఇస్తుంది, కాబట్టి రిటర్న్ విలువ తప్పకుండా చూడు. ఇందులో పడని వాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు, నేనూ వారం రోజులు పడ్డాను.

ఇంకోటి, 99 వద్దు. కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) సొంత పనుల థ్రెడ్లు కొన్ని అక్కడుంటాయి, వాటితో పోటీ ఎందుకు. 80 చాలు.

పెందుర్తి_పీఎల్‌సీ
ఇన్ని కష్టాలెందుకు? లైనక్స్‌తో నాజిల్ కొట్టించడమే తప్పు. రెండొందల రూపాయల మైక్రోకంట్రోలర్ ఒకటి పెట్టు. పై బోర్డు "మూడో లేను, ఇంత ఎన్‌కోడర్ లెక్కకి కొట్టు" అని ముందే చెప్పేస్తుంది. ఎన్‌కోడర్ అంటే బెల్టు ఎంత కదిలిందో లెక్కపెట్టేది. మైక్రోకంట్రోలర్‌లో టైమర్ హార్డ్‌వేరే పిన్ను లేపుతుంది, ప్రోగ్రాం ఏం చేస్తున్నా సరే. కెమెరా నుంచి నాజిల్‌కి 400 మిల్లీసెకన్లు ఉంది కదా. ఇమేజ్ చూడ్డానికి 100 పోయినా ఇంకా 300 చేతిలో ఉంటుంది. లైనక్స్ 40 లేటైతే ఏం కొంప మునిగింది?

పైగా బెల్టు జారితే టైముతో లెక్కేసినవాడు మునిగాడు. ఎన్‌కోడర్‌తో లెక్కేస్తే బెల్టు ఆగినా నష్టం లేదు.

కొత్తరోడ్డు_కెర్నెల్
ఎన్‌కోడర్ మాట నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. రెండో బోర్డు మాట మాత్రం ఒప్పుకోను. అతనికి కావాల్సింది 1 మిల్లీసెకను లోపు. లైనక్స్ సరిగ్గా కట్టుకుంటే అందులో పదోవంతులో వస్తుంది. లైనక్స్‌ని రియల్ టైమ్‌కి పనికొచ్చేలా చేసే ప్రీఎంప్ట్-ఆర్‌టీ ఇప్పుడు విడి ప్యాచ్ కూడా కాదు, దాదాపు 20 ఏళ్ళు బయట ఉండి ఉండి 2024లో 6.12 కెర్నెల్‌తో అసలు లైనక్స్‌లోనే కలిసింది.

పెందుర్తి_పీఎల్‌సీ
"సరిగ్గా కట్టుకుంటే". ఆ ఒక్క ముక్కలోనే అతని ఆరు నెలలూ పోయాయి.

ఆటోనగర్_అబ్బాయి
పీఎల్‌సీ అన్నా, రెండో బోర్డు అనుకున్నాం. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళు, ఉప్పు. కనెక్టర్లు రెండు నెలల్లో పచ్చగా పాచి పట్టినట్టు అయిపోతున్నాయి. ఒక్క బోర్డు పెరిగితే నాలుగు కనెక్టర్లు పెరుగుతాయి.

పెందుర్తి_పీఎల్‌సీ
అది పాయింటే.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్
ముప్పై రెండేళ్ళు ఫర్నేసుల దగ్గర పీఎల్‌సీలతో, అంటే ఫ్యాక్టరీ యంత్రాల్ని నడిపే కంట్రోలర్లతో గడిపాను. స్కాన్ టైమ్ అనేది మాకు గోడ మీద రాసుకునే అంకె. ఇన్‌పుట్లు చదువు, లాజిక్ నడుపు, అవుట్‌పుట్లు రాయి, మళ్ళీ మొదటికి. ఇదంతా ఇన్ని మిల్లీసెకన్లలో అవ్వాలి. అవ్వలేదా, వాచ్‌డాగ్ (గడువు కాపలా కాసే టైమర్) కరుస్తుంది, పీఎల్‌సీ ఫాల్ట్‌లోకి పోతుంది, లైను ఆగుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఆ వాచ్‌డాగ్ విలువ పెంచేద్దాం సార్ అనేవారు. ఎర్రగా కాలుతున్న ఇనుము రోలర్ల మీద ఉన్నప్పుడు లేటుగా వచ్చిన ఆజ్ఞ కంటే ఆగిపోయిన లైనే నయం అని ఒకసారి చూపించాక మళ్ళీ అడిగేవారు కాదు.

అబ్బాయికి ఒక మాట. లేటైందని తెలిసినప్పుడు నాజిల్ కొట్టకు. ఆ రొయ్యను చివరి ట్రేకి పోనీ. తప్పు ట్రేలో పడ్డం కంటే ఏ ట్రేలోనూ పడకపోవడం మేలు.

ఆటోనగర్_అబ్బాయి
సార్ ఇది ఎందుకు తట్టలేదో నాకు. రెండు లైన్ల కోడు. ఇవాళే పెడతాను 🙏

జగదాంబ_జంక్షన్
చివరి ట్రేలోవి ఏం చేస్తున్నారు? ఊరికే అడిగాను.

బీటెక్_ఫైనల్ఇయర్
ఇక్కడే ఒక డౌట్. మాకు రేపు ఇంటర్నల్ ఉంది. రేట్ మోనోటోనిక్‌లో సీపీయూ 69 శాతం దాటితే షెడ్యూల్ చెయ్యలేం అని నోట్సులో ఉంది. ఈయన మెషీన్‌లో ఎంతుందో ఎలా తెలుస్తుంది?

ఎంవీపీ_మేడమ్
నోట్సులో ఆ వాక్యం కొట్టెయ్యమ్మా. 1973లో లియు, లేలాండ్ చెప్పింది వేరు. పనులన్నీ పీరియడ్ ప్రకారం పదే పదే వస్తూ, తక్కువ పీరియడ్ ఉన్నదానికి ఎక్కువ ప్రయారిటీ ఇస్తే, మొత్తం లోడు ఒక హద్దు లోపల ఉన్నంతవరకు ఏ డెడ్‌లైనూ తప్పదని గ్యారంటీ. ఆ హద్దు రెండు పనులకి 82.8 శాతం, మూడింటికి 78, పనులు పెరిగేకొద్దీ 69.3 దగ్గరికి దిగుతుంది. హద్దు లోపల ఉంటే కచ్చితంగా ఓకే. దాటితే చెడుతుందని కాదు, ఒక్కో కేసు లెక్కేసి చూడాలి.

ఉదాహరణకి 10, 20, 40 మిల్లీసెకన్ల పీరియడ్లు తీసుకో. వరసగా 5, 5, 10 మిల్లీసెకన్ల పని. లోడు 50 + 25 + 25, మొత్తం నూరు. కాగితం మీద గీతలు గీసి చూడు, ఒక్క డెడ్‌లైనూ తప్పదు. పీరియడ్లు ఒకదాన్నొకటి భాగిస్తున్నాయి కాబట్టి. రేపు పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేయాల్సిందే.

ఎవరి డెడ్‌లైన్ ముందుంటే వాళ్ళను ముందు పంపే పద్ధతి ఈడీఎఫ్. దానికి, డెడ్‌లైన్ పీరియడ్‌తో సమానమైతే, ఒక సీపీయూ మీద నూరు శాతం దాకా హద్దు. లైనక్స్‌లో 3.14 నుంచి షెడ్-డెడ్‌లైన్ పేరుతో ఉంది. నీకు ఎంత సమయం కావాలి, ఎన్ని మిల్లీసెకన్లకోసారి కావాలి అని ముందే చెప్పాలి. చోటు లేకపోతే కెర్నెల్ ఒప్పుకోదు, బుకింగ్ అయిపోయిన కల్యాణ మండపంలా.

బీటెక్_ఫైనల్ఇయర్
గీసి చూశాను మేడమ్, 40 దగ్గర సరిగ్గా అన్నీ అయిపోయాయి. మా సార్‌కి చూపించాలంటే భయం వేస్తోంది.

ఆటోనగర్_అబ్బాయి
రెండు రోజుల తర్వాత వస్తున్నా. ఎక్స్‌ప్లిసిట్ షెడ్ పెట్టాను. ఇప్పుడు పీఎస్‌లో ఎఫ్ఎఫ్ 80 వస్తోంది. నాజిల్ థ్రెడ్‌కి 80, కెమెరా ఫోటోలు చూసే విజన్ థ్రెడ్‌కి 60, లాగ్ రాసే థ్రెడ్ మామూలే.

ఇంకా చెడింది!! లేటు ఇదివరకు 40, ఇప్పుడు 110. నాజిల్ పిన్నుకి లాజిక్ ఎనలైజర్ తగిలించి చూశాను, అబద్ధం కాదు. మళ్ళీ అదే మూడు నాలుగు నిమిషాలకోసారి.

కంచరపాలెం_కోడర్
పై 5 అని మొదట్లోనే చెప్పా.

మధురవాడ_మల్టీకోర్
ఆర్‌టీ థ్రాట్లింగ్ అయ్యుంటుంది. రియల్ టైమ్ థ్రెడ్లు ఒక సెకనులో 950 మిల్లీసెకన్లకి మించి వాడితే కెర్నెల్ మిగతా 50 మామూలు వాళ్ళకి ఇచ్చేస్తుంది, డీఫాల్టే అది. మాకు ఒక డ్రోన్ ప్రాజెక్టులో ఇదే. మోటారు థ్రెడ్డు ఖాళీగా చుట్టూ తిరుగుతూ వెయిట్ చేసేది, ప్రతి సెకనూ 50 మిల్లీసెకన్లు నిద్రపోయేది. డ్రోన్‌కి వెక్కిళ్ళు వచ్చినట్టు ఉండేది.

కొత్తరోడ్డు_కెర్నెల్
థ్రాట్లింగ్ అయితే ప్రతి సెకనూ కనబడాలి, నీ డ్రోన్‌లాగే. ఇక్కడ మూడు నిమిషాలకోసారి. పైగా మొదట్లో 40 వచ్చినప్పుడు అన్నీ టీఎస్‌లోనే ఉన్నాయి, థ్రాట్లింగ్ ప్రసక్తే లేదు.

అబ్బాయ్, లాగ్ థ్రెడ్డు ఏం చేస్తుంది? సెకనుకు ఎన్ని రొయ్యలు?

ఆటోనగర్_అబ్బాయి
నాలుగు లేన్లు కలిపి సెకనుకు సుమారు 25. ప్రతి రొయ్యకీ ఒక వరస లిస్టులో పడుతుంది. 5,000 వరసలు కాగానే లాగ్ థ్రెడ్డు ఎస్‌డీ కార్డు మీద రాసి ఎఫ్‌సింక్ చేస్తుంది, అంటే నిజంగా కార్డు మీద పడేదాకా ఆగుతుంది.

కొత్తరోడ్డు_కెర్నెల్
5,000ని 25తో భాగించు. 200 సెకన్లు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు.

ఇప్పుడు చెప్పు, ఆ లిస్టుకి మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క థ్రెడ్డే వాడేలా వేసే తాళం) ఉందా, రాస్తున్నంతసేపూ తాళం లాగ్ థ్రెడ్డు చేతిలోనే ఉంటుందా, నాజిల్ థ్రెడ్డు కూడా అదే తాళం అడుగుతుందా?

ఆటోనగర్_అబ్బాయి
అవును. అవును. అవును.

మద్దిలపాలెం_మావ
పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అవున్లు రావు.

కొత్తరోడ్డు_కెర్నెల్
దొరికింది. ఎస్‌డీ కార్డు లోపల తన సర్దుబాట్లు తాను చేసుకుంటుంది, రాయమంటే ఒక్కోసారి పదుల మిల్లీసెకన్లు ఆపేస్తుంది. ఆ సేపంతా తాళం లాగ్ దగ్గర, నాజిల్ గుమ్మం బయట. అదీ మొదటి 40.

110 ఎందుకైందంటే, మొత్తం ప్రోగ్రాంని ఒకే కోరు మీద కట్టేశావా?

ఆటోనగర్_అబ్బాయి
ఒక బ్లాగులో ఐసోల్‌సీపీయూస్ పెట్టమంటే మూడో నంబరు కోరు విడదీసి మొత్తం దాని మీద పెట్టాను. మిగతా మూడు ఖాళీ 🤦

కొత్తరోడ్డు_కెర్నెల్
అందుకే. కార్డు పని అయిపోయినా లాగ్ థ్రెడ్డు లేచి తాళం వదలాలంటే దానికి సీపీయూ కావాలి. సీపీయూ మీద ఇప్పుడు 60 ప్రయారిటీతో విజన్ కూర్చుంది, ఫ్రేము మీద ఫ్రేము. మామూలు లాగ్‌ని దగ్గరికి రానివ్వదు. 80 ప్రయారిటీ ఉన్నవాడు మామూలువాడి కోసం, మామూలువాడు 60 వాడి కోసం. ఇంతకుముందు అందరూ టీఎస్ కాబట్టి లాగ్‌కి ఎప్పుడో ఒకప్పుడు వంతు వచ్చేది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

1997లో నాసా వాళ్ళ మార్స్ పాత్‌ఫైండర్ నౌకకి అచ్చంగా ఇదే. జులై 4న అంగారకుడి మీద దిగింది, కొన్ని రోజులకే కంప్యూటరు దానంతటదే రీసెట్ అవ్వడం మొదలెట్టింది. వాతావరణం కొలిచే తక్కువ ప్రయారిటీ పని తాళం పట్టుకుని ఉండగా మధ్య ప్రయారిటీ పనులు వచ్చి దాన్ని తోసేశాయి. పైనున్న బస్సు పని తాళం కోసం ఎదురుచూసి డెడ్‌లైన్ తప్పింది, అది కనిపెట్టిన ఇంకో పని రీసెట్ కొట్టించింది. రిటైర్డ్ గారు చెప్పిన వాచ్‌డాగ్ లాంటిదే. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వీఎక్స్‌వర్క్స్‌లో ఆ మ్యూటెక్స్‌కి ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ అనే స్విచ్ ఉంది, వేసి లేదు. భూమ్మీద నకలు యంత్రంలో సమస్యను మళ్ళీ తెప్పించి చూసి, ఇక్కణ్ణుంచే ఆ స్విచ్ వేశారు.

బీటెక్_ఫైనల్ఇయర్
బస్సు పని అంటే ఏ బస్సు?

కొత్తరోడ్డు_కెర్నెల్
డేటా బస్సమ్మా. సింహాచలం బస్సు కాదు.

ఎంవీపీ_మేడమ్
క్లాసులో నేను దీన్ని అరకు లైనుతో చెప్తాను. సింగిల్ లైను మీద ముందు ఖనిజం గూడ్సు ఉంది, వెనక ఎక్స్‌ప్రెస్. సెక్షన్ ఖాళీ అయ్యేదాకా ఎక్స్‌ప్రెస్ ఆగాల్సిందే, ఎంత ప్రయారిటీ ఉన్నా. ఇన్హెరిటెన్స్ అంటే గూడ్సుకి కాసేపు ఎక్స్‌ప్రెస్ హోదా ఇవ్వడం. ఆ సెక్షన్ దాటేదాకా దాన్ని ఎవరూ ఆపకూడదు. దాటగానే మళ్ళీ గూడ్సే.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్
పోలిక బాగుంది కానీ మధ్యవాడేడి? గూడ్సు ఊరికే ముందుండడం ఇన్వర్షన్ కాదు, మామూలు ఎదురుచూపే. గూడ్సు ఇంజను విప్పి ప్యాసింజరుకి తగిలించేస్తే అప్పుడు ఇన్వర్షన్.

ఎంవీపీ_మేడమ్
నిజమేనండీ. వచ్చే సెమిస్టర్‌కి ఇంజను కలుపుతాను.

మద్దిలపాలెం_మావ
మా రైలుని దువ్వాడ అవతల గంట ఆపేస్తారు, అది ఏ ఇన్వర్షన్?

పెందుర్తి_పీఎల్‌సీ
అది షెడ్యూల్డ్.

కొత్తరోడ్డు_కెర్నెల్
అబ్బాయ్, చెయ్యాల్సినవి. మ్యూటెక్స్‌కి పీథ్రెడ్ ప్రయో ఇన్హెరిట్ పెట్టు, అది మందు కాదు, బీమా లాంటిది. కార్డు రాయడం వల్ల వచ్చే 40 దానివల్ల పోదు, ఎందుకంటే కార్డుకి నీ ప్రయారిటీలు తెలియవు. అసలు నాజిల్ థ్రెడ్డు తాళమే అడక్కూడదు. ఒక రింగ్ బఫర్ పెట్టి అందులో పడేసి వెళ్ళిపోవాలి, లాగ్ తీరిగ్గా ఏరుకుంటుంది. విజన్, లాగ్ రెండింటినీ వేరే కోర్లకి పంపించు.

మొదలవ్వగానే ఎమ్‌లాక్‌ఆల్‌తో ప్రోగ్రాం మొత్తాన్ని ర్యామ్‌లోనే కట్టెయ్, లేకపోతే ఏ పేజీనో తెచ్చుకోడానికి మళ్ళీ కార్డు దగ్గరికే పోతుంది. యూస్లీప్ వాడుతుంటే తీసెయ్, క్లాక్ నానోస్లీప్‌కి ఫలానా టైముకి లేపు అని అసలు టైమే ఇవ్వు. "2 మిల్లీసెకన్ల తర్వాత" అంటూ పోతే ప్రతిసారీ కొంచెం కొంచెం జారి సాయంత్రానికి ఎక్కడో తేలతావు. సీపీయూ స్పీడు చూసే గవర్నర్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. తర్వాత ఆలస్యం కొలిచే సైక్లిక్‌టెస్ట్ రాత్రంతా, లోడు పెట్టి. ఖాళీ మెషీన్ మీద వచ్చిన అంకె ఎవరికీ చూపించకు.

మధురవాడ_మల్టీకోర్
ప్రీఎంప్ట్-ఆర్‌టీకి మారితే ఇంకోటి కూడా. అందులో ఇంటరప్టులు (హార్డ్‌వేర్ సీపీయూని పిలిచే పిలుపులు) కూడా థ్రెడ్లే, డీఫాల్ట్‌గా ఫిఫో 50. నీ విజన్ 60లో ఉండి కెమెరా ఇంటరప్టు అదే కోరు మీద 50లో ఉంటే, విజన్ తనకొచ్చే ఫోటోని తానే ఆపుకుంటుంది.

కొత్తరోడ్డు_కెర్నెల్
ఇది నేను మర్చిపోయాను, మంచిమాట.

ఆటోనగర్_అబ్బాయి
వారం తర్వాత అప్‌డేట్. కెర్నెల్ ఆర్‌టీకి మార్చాను, రింగ్ బఫర్ రాశాను, విజన్ రెండు కోర్ల మీద, లాగ్ సున్నా మీద. సైక్లిక్‌టెస్ట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా, పక్కన స్ట్రెస్ టూలు, నెట్‌వర్క్ కాపీ నడుస్తుండగా. పాత కెర్నెల్‌లో గరిష్ఠం 3 వేల మైక్రోసెకన్లు దాటింది, ఇప్పుడు 118. సగటు మాత్రం ఇదివరకటి కంటే కొంచెం పెరిగింది, నాకు నవ్వొచ్చింది.

నాజిల్ పిన్ను ఆరు గంటలు చూశాను. అన్నింటికంటే చెడ్డది 0.3 మిల్లీసెకన్లు. బెల్టు మీద అది 0.15 మిల్లీమీటర్లు, రొయ్య మీసం కంటే తక్కువ.

కంచరపాలెం_కోడర్
సరే. పై 5 అక్కర్లేదు.

పెందుర్తి_పీఎల్‌సీ
మరి ఇప్పుడు తప్పు ట్రేలో పడటం ఆగిందా?

ఆటోనగర్_అబ్బాయి
అదే చెప్పబోతున్నా అన్నా. బాగా తగ్గింది, కానీ ఆగలేదు. పిన్ను కరెక్టు టైముకే లేస్తోంది, గాలి మాత్రం ఒక్కోసారి లేటుగా వస్తోంది. నాలుగు లేన్లూ ఒకేసారి కొడితే ప్రెషర్ గేజి ముల్లు కిందికి జారడం కంటికే కనబడుతోంది. గాలి వదిలే సోలనాయిడ్ వాల్వు తెరుచుకోడానికి, ఇచ్చినవాడి కాగితంలో 8 మిల్లీసెకన్లు అని ఉంది, అది పూర్తి ప్రెషర్‌లో అనుకుంటా.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్
కంప్రెసర్ నుంచి నాజిల్స్ దాకా ట్యూబు ఎంత పొడుగు, ఎన్ని ఎం.ఎం.? నాజిల్స్ పక్కనే గాలి నిల్వ ఉంచే చిన్న రిసీవర్ ట్యాంకు ఉందా?

ఆటోనగర్_అబ్బాయి
ట్యాంకు లేదు సార్. 6 ఎం.ఎం. ట్యూబు, ఏడు మీటర్లు.

రిటైర్డ్_ఇన్‌స్ట్రుమెంట్
ఏడు మీటర్లా! ఆదివారం పొద్దున్న షెడ్డు దగ్గరే ఉండు, వస్తాను. టేపూ, ఒక గేజీ నా దగ్గరున్నాయి.

జగదాంబ_జంక్షన్
నేనూ రావచ్చా? ఊరికే అడిగాను.